బసంత్‌నగర్ దగ్గర మమ్మల్ని లేపిందెవరు

దయ్యాలంటే నాకు నవ్వు. ముప్ఫై ఏళ్లు భూమి కింద బొగ్గు తవ్వినవాణ్ని. గోదావరిఖనిలో ప్రతి గనికీ ఒక కథ ఉంటుంది. ఫలానా మలుపులో చచ్చిపోయినవాడి దగ్గు వినిపిస్తుందనీ, ఎవరూ లేనిచోట దీపం కదులుతుందనీ చెబుతారు. షిఫ్టు దిగేటప్పుడు తోటివాళ్లు ఇవి మొదలుపెడితే, "దయ్యముంటే వచ్చి నా తట్ట నింపి పొమ్మనుండ్రి, నేను జెర పండుకుంట" అని ఎగతాళి చేసేవాణ్ని. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. దాన్ని తరచి తరచి ఆలోచించే ఓపిక నాకు అయిపోయింది.

నేను రిటైరైన ఏడాదే నా భార్య సరోజనకు క్యాన్సర్ అని తేలింది. మందు ఎక్కించడానికి మాటిమాటికీ హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోవాలి. బస్సెక్కితే వాంతులు. లాడ్జీల్లో నల్లా తిప్పితే మంచులాంటి నీళ్లు. మందు ఎక్కిన తర్వాత ఆమెకు పట్టే చలి మామూలు చలి కాదు, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా పళ్లు టకటకా కొట్టుకునేవి. చన్నీళ్లు తగిలితే వేళ్లలో సూదులు దిగుతున్నాయని ఏడ్చేది. రోగం సంగతి డాక్టర్లు చూసుకుంటారు, ఈ మనిషిని వెచ్చగా ఉంచితే చాలు అన్నట్టుగా బతికాను ఆ రోజుల్లో. నా చేతనైంది అదొక్కటే.

అందుకే స్కూలు పిల్లల్ని తిప్పిన ఒక పాత వ్యాన్ కొన్నాను. మా ఊరి మెకానిక్ ఖలీల్ సీట్లన్నీ పీకేసి, ఒక పక్క పడుకునే బల్ల వేశాడు. వెనక చిన్న గ్యాస్ సిలిండర్, దానికి నీళ్లు కాగే గీజర్, లోపల వెచ్చదనానికి ఒక హీటర్ పెట్టాడు. నేలలో ఒక జాలీ, పైకప్పు దగ్గర ఒక జాలీ కోశాడు. గ్యాస్ కారితే బరువుకు కిందికి దిగి బయటికి పోవాలి, మంట వల్ల చెడిన గాలి పైనుంచి పోవాలి.

"అన్నా, సలైతే ఇంకో రగ్గు కప్పుకోండ్రి. గీ జాలీలు మాత్రం ఎన్నడు ముయ్యకుండ్రి" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. సరోజన కూడా విన్నది.

కానీ మా దగ్గర ఒక అలవాటుంది. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు కోసం బాంబు పేల్చారంటే మా కార్మికుల కాలనీలో అన్నం మీద కూడా దుమ్ము పడుతుంది. కిటికీ సందులో, తలుపు కింద, ఎక్కడ వేలు దూరేంత కంత ఉన్నా పాత చీర పేలిక కుక్కాల్సిందే. కాలనీకి కాపురానికొచ్చిన కోడలికి అత్త నేర్పే మొదటి పని అది. మా ఆడవాళ్ల చేతులకు అది చెప్పాల్సిన పని లేదు, కంత కనిపిస్తే చెయ్యి దానంతటదే పోతుంది.

ఆ చలికాలంలో ఒకసారి మందు ఎక్కించుకుని తిరిగొస్తున్నాం. పెద్దపల్లి దాటేసరికి బాగా తెల్లారింది గానీ, పొగమంచుకు ముందు పోతున్న లారీ కూడా కనిపించలేదు. సరోజన వెనక గజగజ వణుకుతోంది. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర రోడ్డు పక్కన, ఇంకా తెరవని ఒక చాయ్ హోటల్ ముందు బండి ఆపాను. హీటర్ అంటించాను. గీజర్ నీళ్లు తొట్టిలో పట్టి ఆమె కాళ్లు అందులో పెట్టించాను. కాసేపటికి ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది. నీళ్లు పారబోయడానికి నేను కిందికి దిగాను.

తిరిగి ఎక్కేసరికి పడుకుని ఉంది. "సిమెంటు దుమ్మొస్తున్నది, తలుపు జల్ది వెయ్యి" అన్నది. తలుపు జరిపి లోపలి గడియ పెట్టాను. "ఇప్పుడు పానం జెర నిమ్మలమైంది" అన్నది. ఆ మాట విని ఎన్ని రోజులైందో! నేను కింద చాప మీద వాలి, ఉత్త కాళ్లకు రగ్గు చుట్టి, అంచు కిందికి దోపుకున్నాను. పండుకున్నానో లేదో, నిద్ర పట్టేసింది.

ఇక్కడ గని మాట ఒకటి చెప్పాలి. మా గ్యాంగులో తిన్న తర్వాత కాసేపు నడుం వాల్చినవాణ్ని ఎవరూ కేక వేసి లేపరు. ఉలిక్కిపడి లేస్తే తల పైకప్పుకు తగులుతుంది. పార కర్రతో బూటు అడుగున రెండు దెబ్బలు కొడతారు. అంతే.

ఆ పొద్దున నా అరికాలి మీద రెండు దెబ్బలు పడ్డాయి. గట్టిగా కాదు, అలవాటైన చేత్తో కొట్టినట్టు. "ఆఁ, వస్తున్న" అన్నాను, షిఫ్టులో ఉన్నాననుకుని. కళ్లు తెరిస్తే తల బండరాయిలా ఉంది, కాళ్లు నా మాట వినడం లేదు. తలుపు మూరెడు తెరిచి ఉంది. చల్లగాలి ముఖానికి కొడుతోంది. నీలంగా ఉండాల్సిన హీటర్ మంట పసుప్పచ్చగా మండుతోంది.

సరోజనను పిలిస్తే పలకలేదు. కుదిపినా కళ్లు తెరవలేదు. హీటర్ ఆర్పి, ఆమెను ఎట్లా ఈడ్చానో నాకే తెలియదు, ఇద్దరం మట్టిలో పడ్డాం. అప్పుడే చాయ్ హోటల్ తెరిచినామె నీళ్ల చెంబుతో ఉరికొచ్చింది. చాలాసేపటికి సరోజన వాంతి చేసుకుని కళ్లు తెరిచింది. నేను రోడ్డు మీదే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

తర్వాత లోపలికి పోయి చూశాను. రెండు జాలీలకూ పేలికలు గట్టిగా కుక్కి ఉన్నాయి. ఆమెను ఏమనగలను? ఖలీల్ మాట ఆమెకు గుర్తుంది, కానీ చేతులకు గుర్తులేదు. ముప్ఫై ఏళ్లు గనిలో గ్యాస్‌కు భయపడిన నాకు ఆ గాలి వాసనే తెలియలేదు. గాలి చాలక మంట నుంచి పుట్టే ఆ విషానికి వాసన ఉండదు.

గడియ వంగలేదు, విరగలేదు. పూర్తిగా వెనక్కి లాగి ఉంది. దాన్ని బయటినుంచి తీయడానికి వీల్లేదు. హోటలామెను అడిగాను.

"పొయ్యి అంటువెడుతున్న అన్నా. తలుపు జరిగిన చప్పుడైతే చూసిన. ఎవ్వరు లేరు. నువ్వే తీసినవనుకున్న" అన్నది.

నేనే నిద్రమత్తులో తీసి మళ్లీ పడుకున్నానేమో అని ఖలీల్ అన్నాడు. కావచ్చు. కానీ లేచేసరికి రగ్గు నా కాళ్ల కింద చుట్టినట్టే ఉంది. గడియ దానంతటదే జారిందేమోనని గుంతల రోడ్ల మీద బండి తిప్పి తిప్పి చూశాం. ఒక్కసారీ జారలేదు.

అరికాలి మీద దెబ్బల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, సరోజనకు కూడా. ఇంటికొచ్చిన మర్నాడు గంజి తాగుతూ తనే అడిగింది. "నిన్న బండిల నీ బూటు మీద కర్రతోని కొట్టిందెవలయ్యా? రెండుసార్లు టక్కుటక్కుమన్నది. కండ్లు తెరుద్దామంటే నాతోని కాలే."

నా కాళ్లకు బూట్లు లేవని ఆమెకు చెప్పలేదు.

ఎండలు ముదరకముందే సరోజన పోయింది. దవాఖానలో, పట్టపగలు. రాత్రంతా కూర్చుని కూర్చుని, మధ్యాహ్నం ఆమె మంచం పక్కనే నేల మీద వాలాను. మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. నర్సమ్మ ముఖం చూస్తేనే తెలిసింది. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ పొద్దున మమ్మల్ని లేపిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమంటారో, దేవుడంటారో, నా బుర్రే అంటారో, మీ ఇష్టం, వాదించను. ఆ ఎవరైతే ఉన్నారో వాళ్లను నేను అడిగేది ఒక్కటే. ఆ మధ్యాహ్నం కూడా నేను అట్లాగే పడుకుని ఉన్నాను కదా, నన్నెందుకు లేపలేదు?