లోపలికి ఎవరు పోయిండ్రు

నా పెద్దకొడుకు పోయి నలభై రోజులు దాటింది. వాడు పోయిన పొద్దు నేను దవాఖాన వెనక దండేల మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. లోపల వార్డులో వాడు, బయట నేను. నర్సమ్మ వచ్చి నా చేతిలోని తడి దుప్పటి తీసుకుని, తనే ఆరేసి, "లోపలికి రా అమ్మా" అన్నది. అప్పటికే నాకు అర్థమైంది. ఇరవై ఏండ్లుగా ఆ దవాఖాన బట్టలు ఉతుకుతున్నాను. నా చేతిలో పని ఎవరూ ఎన్నడూ అందుకోలేదు.

బస్టాండు వెనక రేకుల షెడ్డులో బాయిలర్లు సాఫు చేసే కంపెనీ పెట్టినవాడంటే మీలో చాలామందికి వాడు గుర్తొస్తాడు. మన చర్చిలో ఆఖరి బెంచీ మీద, తలుపు పక్కన కూర్చునేవాడు. కిరసనాయిలు వాసన ముందున్న వాళ్ళకు ఎందుకు అని. వాడి గురించి రాస్తానని మా కోడలు కూర్చుంది. ఆమె టీచరు. రెండు లైన్లు రాసి పెన్ను కింద పెట్టింది. నేను మూడో తరగతి దాకా చదివాను. నాకు వచ్చినట్టు నేను రాస్తున్నాను.

నా కొడుకు నాయన, మా ఆయన, ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ కూలి. బాయిలర్ అంటే నీళ్ళు కాగి ఆవిరి పుట్టే పెద్ద ఇనుప పీపా. నీళ్ళలో ఉన్న ఉప్పు దాని గోడలకు పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు తీయకపోతే ఊక ఎంత తగలబెట్టినా ఆవిరి రాదు, ఒక్కోసారి పీపా పగులుతుంది. మనిషి పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. సన్నటి మనిషి అందులోంచి దూరి, దీపం పక్కన పెట్టుకుని, సుత్తితో పెచ్చు రాలగొట్టాలి. మా ఆయన సన్నటి మనిషి. పదిహేనేండ్లు దూరాడు. ఆఖరి రెండేండ్లు గోడకు ఒరిగి కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే ఊపిరి ఆడకపోయేది. ఆయనను సమాధి చేసి వచ్చిన రోజు నా కొడుకు ఏడవలేదు. "అందుల మనిషే ఎందుకు దూరాలె అమ్మా?" అని ఒక్కటి అడిగాడు.

తెలంగాణ, ఆంధ్ర ఒక్క రాష్ట్రంగా కలిసిన ఏడాది నా కొడుకు సికింద్రాబాద్ లోకోషెడ్డులో పనికి కుదిరాడు. అక్కడ రైలింజన్ల కడుపులు నీళ్ళ గొట్టాలతో కడగడం చూశాడు. నాలుగేండ్లు చూసి చూసి, ఉన్న ఉద్యోగం వదిలేసి, ఖాసింను తోడు తీసుకుని ఊరికి వచ్చాడు. ఖాసిం అక్కడి ఫిట్టరు. లావాటి మనిషి, నవ్వితే షెడ్డు రేకులు అదురుతాయి. ఇద్దరూ కలిసి ఒక పాత ఆయిల్ ఇంజను, పంపు, పొడుగాటి గొట్టం జతచేసి, గొట్టం కొసకు రంపం లెక్క పండ్లున్న చక్రం బిగించారు. నీళ్ళు తోసుకొస్తే చక్రం గిర్రున తిరిగి పెచ్చును గీకుతుంది. మనిషి బయటనే నిలబడి గొట్టం తోస్తే చాలు. పెచ్చు కొట్టి కొట్టి దగ్గు పట్టిన కూలీలు ఇద్దరిని పిలిచి ఆ గొట్టం చేతికిచ్చాడు.

షెడ్డు మీద బోర్డు రాయించాడు. "బాయిలర్లు శుభ్రపరచు యంత్రములు అమ్మబడును" అని. చూడమని నన్ను తీసుకుపోయాడు. కూడబలుక్కుని చదివాను.

"అన్ని అక్షరాలు ఉన్నయా అమ్మా?"

"అన్నీ ఉన్నయి. గిరాకీ ఒక్కటే లేదు."

మూడు రోజులు ఖాసిం ఆ మాట కనపడ్డవాళ్ళందరికీ చెప్పి నవ్వాడు.

ఇంజను నడుస్తుంటే వాడు స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. ఎక్కడ నొప్పి ఉందో చెప్పేవాడు. టీ సాసర్లో పోసుకుని, చల్లారిందాకా చూస్తూ కూర్చుని, ఒక్క గుక్కలో తాగేవాడు. పని చొక్కాలు మాత్రం ఉతకమని నాకు ఎన్నడూ వేయలేదు. షెడ్డు వెనకనే ఉతుక్కునేవాడు. "ఊరి బట్టలన్ని ఉతికినవు. నావి నేను పిండుకుంట తియ్యి" అనేవాడు. నా మీద ప్రేమ అనుకుని మురిసిపోయాను. ముందు ప్రేమే.

మూడు మిషన్లు చేశారు. ఒక్కటి అమ్ముడుపోయింది, శంకరంపేట వైపు ఒక మిల్లుకు. రెండు నెలలకు అదే ఎడ్లబండి మీద తిరిగొచ్చింది. నడిపేవాళ్ళు లేక గొట్టం నిండా బురద. కొనమని అడిగితే మిల్లులున్న పటేండ్లు షెడ్డుకు వచ్చేవాళ్ళు, టీ తాగేవాళ్ళు, మిషన్ చుట్టూ తిరిగేవాళ్ళు, పోయేవాళ్ళు. ఒకాయన నా ముందే అన్నాడు.

"ఏమయ్యా, నీ మిషన్ ఖరాబైతె నిన్ను పిలువాలె. మనిషి ఖరాబైతె ఇంకో మనిషొస్తడు. ఏది సులువు?"

"మనిషి ఖరాబైతె వాని ఇంట్ల ఏమైతదో మమ్ముల అడుగుండ్రి పటేలా" అన్నాడు నా కొడుకు. ఆయన నా దిక్కు చూసి, కప్పు కింద పెట్టి లేచిపోయాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం అన్నానికి కూర్చున్నాం. ఆ రోజు కంపెనీ సంగతి ఏదో ఒకటి తేల్చాలనుకున్నారు.

"మోటారు పంపులు చేద్దాం భాయ్" అన్నాడు ఖాసిం. "రైతులు ఎగబడి కొంటున్నరు. బాయిలర్‌ను ఇడిచిపెట్టి బాయిని పట్టుకుందాం."

"లోకోషెడ్డుల మళ్ళ తీసుకుంటరట గద" అన్నది కోడలు. "పిల్లల మొఖం జర చూడుండ్రి."

నా కొడుకు అన్నం కలుపుతున్నాడు గాని తినడం లేదు. చారు పోస్తూ నేను నోరు తెరిచాను. తెరవకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

"నేను దవాఖానకు సబ్బు అమ్ముతున్ననా, తొట్టి అమ్ముతున్ననా? తెల్లటి దుప్పటి ఇస్తున్న. ఇప్పి సూసుకుంటరు. మరక లేకుంటెనే నాకు కూలి. నువ్వు మిషనెందుకు అమ్ముతవు బిడ్డా? అది నీ తాననే ఉంచుకో. బండి మీద తీస్కపో. సాఫు జేసి సూపియ్యి. సూసినంకనే కూలి ఇయ్యమను."

"అమ్మకు కంపెనీల షేర్ ఇయ్యాలె భాయ్" అన్నాడు ఖాసిం. నా కొడుకు చేయి కడుక్కుని షెడ్డుకు పోయాడు. పొద్దుగూకే వరకు బోర్డు మీద పాత మాటలకు తారు పూసి, తన చేత్తోనే కొత్తవి రాశాడు. "బాయిలర్లు శుభ్రము చేయబడును. చూసిన తర్వాతనే కూలి." అక్షరాలు వంకరగా వచ్చాయి.

మొదటి బాయిలర్ కౌడిపల్లి తొవ్వలో ఒక బియ్యం మిల్లుది. చూడాలని నేనూ బండెక్కాను. పగటియాళ వరకు మిషన్ నడిచింది. నీళ్ళతో పాటు పెచ్చులు గుడ్డు పెంకుల లెక్క బయటపడ్డాయి. మిల్లు పటేలు వచ్చి రంధ్రం దగ్గర నిలబడ్డాడు.

"లోపలికి ఎవరు పోయిండ్రు?"

"ఎవరు పోలేదు పటేలా" అన్నాడు నా కొడుకు. "పోయే పని లేదు. మిషన్ మొత్తం గీకింది."

"ఎవరు పోకుంటె సాఫైందని నాకెట్ల ఎరుక? సూసినంకనే కూలి అని నువ్వే రాస్కుంటివి. ఎవరు సూసిండ్రు?"

మా వైపు మిల్లుల్లో వాడుక అది. పెచ్చు కొట్టిన మనిషి ఆఖరున తెల్లగుడ్డతో లోపలి గోడ తుడిచి తెచ్చి చూపాలి. గుడ్డ చూశాకనే పొయ్యి అంటిస్తారు. మేము దాన్ని మరిచిపోయాం. ఖాసిం ఆ రంధ్రంలో పట్టడు. గొట్టం పట్టిన కూలీలలో ఒకాయన, పాత అలవాటు కొద్దీ, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. నా కొడుకు ఆయన చేయి పట్టి ఆపి, తన చొక్కా విప్పాడు. వాడూ నాయన లెక్కనే సన్నగా ఉండేవాడు.

"సూసొచ్చుడే గద అమ్మా, కొట్టుడు లేదు" అన్నాడు నాతో.

నా భుజం మీద తువ్వాల ఉంది. నేను ఉతికిందే, తెల్లటిది. తీసి అందించాను.

తువ్వాల మీద మరక లేదు. పటేలు వచ్చే పంటకు కూడా అక్కడే ఒప్పుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద నేను పాట పాడాను, ఖాసిం కమ్మీ మీద తాళం వేశాడు. ఆ వారమే పాత దుప్పటి ఒకటి చింపి, అంచులు కుట్టి, డజను గుడ్డలు చేసి కొడుక్కు ఇచ్చాను.

ఆ తర్వాత మిల్లులు ఒకటి వెనక ఒకటి పిలిచాయి. కంపెనీ నిలబడింది. కాని పిలిచిన ప్రతివాళ్ళూ గుడ్డ అడిగారు. నీళ్ళ వైపే కాదు, పొయ్యి వైపు కూడా తుడిచి చూపమన్నారు. అక్కడ ఊక బూడిద ఉంటుంది. పిండి కన్నా మెత్తన, అడుగు పెడితే మంచు లెక్క లేస్తుంది. ఏడుపాయల జాతర లోపు పొయ్యి అంటించాలని తొందరపెట్టేవాళ్ళు. పొయ్యి చల్లారక ముందే నా కొడుకు దూరేవాడు.

"కూలికి ఇద్దరున్నరు గద, నువ్వే ఎందుకు?" అని ఒకనాడు అడిగాను.

"మనిషి దూరొద్దని గద కంపెనీ పెట్టిన. వాళ్ళనెట్ల పంపుత?"

"మరి నువ్వు మనిషివి గాదా?"

నవ్వాడు. "ఇంకో రెండు పంటలు పోనియ్యి. నమ్మినంక ఎవ్వరు గుడ్డ అడగరు."

పోయిన వానాకాలం ఒకనాడు అన్నం గిన్నె పట్టుకుని షెడ్డుకు పోయాను. వెనక తీగ మీద వాడి చేతిరుమాలు ఆరేసి ఉంది. దాని నడుమ గోధుమరంగు మరక. నెత్తురు మరకను చల్లనీళ్ళలో నానబెట్టాలి. వేడినీళ్ళు పోస్తే బట్టను పట్టుకుని ఇక వదలదు. దవాఖానలో చేరిన మొదటి రోజు నాకు నేర్పింది అదే. వాడు ఇంజను నుంచి వచ్చే వేడినీళ్ళలో ఉతికాడు. నా ఇంట్లో పుట్టి ఆ ఒక్క సంగతి వాడికి తెలియదు.

"ఎన్నొద్దుల సంది?" అన్నాను.

చాలాసేపు ఇంజను తుడుస్తూనే ఉన్నాడు. "పోయిన పంట కాడికెల్లి."

"నీ పెండ్లానికి ఎరుకనా?"

"నీకే ఎరుక లేకుండ జేసిన. ఆమెకెట్ల ఎరుకైతది?"

"బంద్ జెయ్యి కొడకా. నీ కాళ్ళు మొక్కుత."

"గట్లనకే. ఈ పంట ఒక్కటి పోనియ్యి."

"మీ నాయన గూడ గీ మాటనే అన్నడు."

గిన్నె మూత తీసి, నా ముందే కూర్చుని, మొత్తం తిన్నాడు. నన్ను ఊరుకోబెట్టడానికి తిన్నాడని నాకు తెలుసు. ఆ పంట పోయింది. పంట వెనకనే వాడు వార్డులో పడ్డాడు.

మూడు నెలలు ఉన్నాడు. డాక్టరమ్మ, నర్సమ్మలు నా కొడుకును వాళ్ళ ఇంటివాడి లెక్క చూశారు, అది నేను మరువను. ఖాసిం రోజూ వచ్చి పంపు సంగతి, గొట్టం సంగతి చెప్పేవాడు. "బోర్డు మీద అక్షరాలు వంకరగున్నయి, పెయింటర్‌తోని రాయించుండ్రి" అన్నాడు ఒకనాడు నా కొడుకు. కంపెనీ మూయొద్దని చెప్పడం అది. నా మాట మాత్రం వాడు ఎన్నడూ ఎత్తలేదు. చూసినంకనే కూలి అన్నది నేను. తువ్వాల అందించింది నేను. ఒక్కసారి తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పుకునేదాన్ని. తిట్టలేదు. నా చేతులు పట్టుకుని, "నీ చేతులు ఎప్పుడు తడిగనే ఉంటయి" అనేవాడు.

పోయిన వారం కౌడిపల్లి తొవ్వ మిల్లు నుంచే కబురు వచ్చింది. ఖాసిం మా వాకిట్లో నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"గుడ్డ అడుగుతరు అమ్మా. మన కూలాయన నేను పోత అంటుండు. ఒద్దంటె మిల్లు పోతది. ఈ మిల్లు పోతె కడమ మిల్లులు గూడ పోతయి. ఏం జెయ్యాలె?"

"నేనొస్త పా" అన్నాను.

మిషన్ నడిచింది. పెచ్చులు రాలాయి. పటేలు వచ్చి, "మంచోడు పోయిండు అవ్వా" అన్నాడు. నిజంగానే అన్నాడు, కండ్లు దించుకుని. తర్వాత అలవాటు కొద్దీ రంధ్రం దగ్గర నిలబడి చేయి చాపాడు.

"గుడ్డ తేలేదు పటేలా" అన్నాను. "లోపలికి ఎవరు పోరు. ఇయ్యాలనే గాదు, ఇగ ఎన్నడు పోరు. సాఫు గాలేదనిపిస్తె కూలి ఇయ్యకుండ్రి."

"పెచ్చు మిగిలి బాయిలర్ పల్గితె?"

"మిగిలితె మల్లొచ్చి కడుగుత. మీరే సూస్కోండ్రి" అన్నాడు ఖాసిం.

పటేలు నన్ను చూశాడు. గుండీల మీద చేయి పెట్టుకుని నిలబడ్డ కూలాయనను చూశాడు. తర్వాత చొక్కా చేయి పైకి మడిచి, వంగి, తన చేయే భుజం దాకా లోపల పెట్టాడు. అందినంత మేర గోడ తడిమాడు. చాలాసేపు తడిమాడు. చేయి బయటికి తీసి, అరచేయి ఎండలో తిప్పి చూసుకుని, ధోతికి తుడుచుకున్నాడు.

"మూసెయ్యుండ్రి" అన్నాడు.

నా కొడుకు ఉన్నప్పుడు ఈ చేయి ఎందుకు పెట్టలేదని అడగాలనిపించింది. పెట్టమని మేమెందుకు అడగలేదని కూడా. ఖాసిం మూత బిగించాడు, నట్టు వెనక నట్టు. పొయ్యి అంటించారు.

పొద్దు వాలే వేళకు ఆవిరి పుట్టింది. వడ్లు ఉడికించే తొట్టిలోకి వదిలారు. తెల్లటి ఆవిరి పెరడంతా కమ్మింది, పక్కన మనిషి కనపడలేదు. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు. కొంతసేపటికి పలచబడింది. ముందు ఖాసిం కనిపించాడు. తర్వాత పటేలు. తర్వాత కూలీలిద్దరు, వడ్లు తిరగేసే ఆడవాళ్ళు. ఒక్కొక్కరే అందరూ బయటికి వచ్చారు.

"పోదమా అమ్మా" అని ఖాసిం పిలిచాడు.

తొట్టి వెనక ఇంకా కొంచెం ఆవిరి మిగిలి ఉంది. అది కూడా పోయిందాకా అక్కడే నిలబడి చూశాను.