ముందు సీట్లో ట్యాంకు

కదిరిలో పంక్చరు అంగడి పెట్టుకున్న మా తాత కుళ్ళాయప్పకు ఒక పాత అంబాసిడరు ఉండేది. చదునులో బాగానే పోయేది. ఎక్కుడు దారి కనబడితే మాత్రం తాత మాదిరే ఆయాసపడేది.

పంతొమ్మిది వందల ఎనభైలో మా అవ్వ ఓబులమ్మ అన్నకొడుకు పెండ్లికని ఇద్దరూ దాంట్లో బయల్దేరారు. ఆమె పుట్టినూరు తనకల్లు దారిలో గుట్ట మీద ఉంది. సగం ఎక్కుడులో కారు నిలబడిపోయింది. అవ్వ పట్టుచీరతోనే దిగి వెనక నుంచి తోసింది. పెండ్లివాళ్ళంతా పైనుంచి చూసి నవ్వారు.

పెండ్లి అయినాక ఆమె కదల్లేదు. "ఈ కారు ఎవురూ తోయకుండా మా ఇంటి ముందరికి వస్తే, దాంట్లోనే కూచ్చోని వస్తా. బస్సు, గిస్సు అనొద్దు."

తాత నవ్వుకుంటా ఒక్కడే దిగివచ్చాడు. నెల అయింది, రెండు నెలలయ్యాయి. కూతురు అప్పటికే పెండ్లయి అత్తగారింటికి పోయింది. ఇంట్లో మాట్లాడేదానికి పిల్లి కూడా లేదు. అలవాటు కొద్దీ రెండు ముద్దల సంగటి కెలికి, ఒకటి తిని, రెండోదాన్ని చూస్తా కూర్చునేవాడు.

ఒక దినం లారీ టైరుకు గాలి కొడతా ఉంటే తట్టింది. ఇంజనుకు గాలి ఎక్కువ తాగిస్తే బలమూ ఎక్కువ వస్తుంది కదా. లారీ బ్రేకులకు గాలి నిలవ ఉంచే పాత ట్యాంకు తెచ్చి, కంప్రెసరుతో నింపి, పైపును కార్బొరేటరు మూతికి బిగించాడు. కుళాయి తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఎదురు టీ అంగడి శివప్ప అరిచాడు. "ఏమన్నా, గాలి కొట్టేది టైర్లకని మర్చిపోయినావా?"

పది దినాలకు తెలిసింది, తోసిన గాలి పెట్రోలును వెనక్కి నెట్టేస్తోందని. కార్బొరేటరులో పెట్రోలు నిలిచే గిన్నెకు కూడా సన్న పైపుతో అదే గాలి ఇచ్చాడు. అప్పుడు కారు కట్టు తెంపుకున్న కోడెలా ఎగిరింది. గుట్ట దారిలో నిటారు మలుపుల్లో మాత్రమే కుళాయి తిప్పినా, ఒక ట్యాంకు గాలి రెండో మలుపుకే అయిపోయింది. వెనక సీటు పీకి రెండు పెట్టాడు, మూడో మలుపు దాకా పోయింది. ఇంకొకటి ముందు సీట్లో తన పక్కనే పెట్టాడు. దొర్లకుండా అన్నిటినీ వెల్డింగు చేయించాడు.

ఆరు నెలలకు కారు గుట్ట ఎక్కి ఓబులమ్మ ఇంటి ముందర నిలబడింది.

ఆమె లోపలికి పోయి, క్షణంలో మూటతో వచ్చింది. ఎప్పుడో కట్టిపెట్టుకున్నట్టుంది. తలుపు తీసి అట్లే నిలబడింది.

"నేను యాడ కూచ్చోవల్ల?"

తాత పక్కకు చూశాడు, వెనక్కి చూశాడు. ఆరు నెలలు ఆ ట్యాంకుల మధ్యే తిరిగిన మనిషికి ఆ సంగతే తట్టలేదు.

"ఉండు మే, విప్పుతా. దిగేదానికి గాలి అక్కర్లేదు." స్పానరు తీసి, ట్యాంకు కాళ్ళ దగ్గర వంగి, మెల్లగా లేచాడు. "వెల్డింగు."

ఓబులమ్మ మూట కింద పెట్టి కండ్లనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తరవాత మళ్ళీ మూట ఎత్తుకుంది. "నా కోసరమే చేసినావు. నాకు జాగా పెట్టలేదు. ఖాళీ చేసుకోని రాపో."

ముందు సీట్లో ట్యాంకును కోసి తీసేశాడు, కారు మూడో మలుపు దాటలేదు. దాన్ని టాపు మీద పెడితే రేకు సొట్టపోయింది.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం అంగడి మూసి, గాలి ఉన్నంత దూరం పోయేవాడు. ఆగినచోట చక్రం కింద రాయి పెట్టి పైకి చూసేవాడు. ఓబులమ్మ గిన్నెలో సంగటి తెచ్చేది. దారి పక్క గుండురాయి మీద కూర్చొని తినేవాళ్ళు.

"ఈ వారం ఎంత?"

"రెండు మూరలు ఎక్కువే వచ్చినా."

"అయితే వస్తాండావులే."

ఆమె గిన్నె తీసుకొని ఎక్కిపోయేది. తాత ఇంజను వేయకుండానే గుట్ట దిగేవాడు. పక్క సీటు మీద ఆమె కోసం పరిచిన కొత్త తువ్వాలు, మడత నలగకుండా, ఆయనతోపాటే కదిరికి తిరిగొచ్చేది.