కామేశ్వరి ఆంటీ పోస్టుకార్డులు

నారింజపండు ఒలిచినప్పుడు వేళ్లకంటుకునే ఘాటు వాసన తగిలితే చాలు, నా మనసు ఢిల్లీ సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్ల మధ్య పచ్చికలోకి, చలికాలపు మధ్యాహ్నం ఎండలోకి పోతుంది. సెలవు రోజుల్లో ఆడవాళ్లు అక్కడ స్వెట్టర్లు అల్లుతూ, పళ్లు ఒలుచుకుంటూ కూర్చునేవారు. వాళ్ల మధ్య, నేనుండే గదికి పైన కాపురముండే కామేశ్వరి ఆంటీ. కాకినాడ మనిషి. ఆవిడ నవ్వితే పక్క బ్లాకులో వినిపించేది.

డెబ్బైల చివర, నేను గుమాస్తాగా చేరిన ఏడాది, మా కాలనీ గ్రంథాలయానికి తాళం పడింది. చదివేవాళ్లు లేరట! రెండు బీరువాల తెలుగు పుస్తకాలు, కొన్ని హిందీవి, ఒక పొడవాటి బల్ల, అంతే అందులో ఉండేది. ఆ గదిని పాత ఫైళ్లకు ఇచ్చేస్తారని విని కొందరం కదిలాం. అర్జీ రాసే పని నాకు అప్పగించారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, ఆఫీసులో నేర్చిన ఇంగ్లీషంతా గుమ్మరించి, నలభై మంది ఉద్యోగుల చేత హోదా, శాఖ పేరుతో సహా సంతకాలు పెట్టించాను. పంపే ముందు ఆంటీకి గొప్పగా చూపించాను.

"ఏంటయ్యా ఇది? గవర్నమెంటు మీద గవర్నమెంటువాళ్లే గుంపుగా అర్జీయా? నలభై ఉద్యోగాలూ ఒక్క కాగితం మీద పరిచేశావ్. తలా ఒక మెమో వస్తుంది చూస్కో!"

నా ముఖం పాలిపోయింది. ఉద్యోగులు గుంపుగా అర్జీ పెట్టకూడదన్న నిబంధనలు కంఠతా పట్టి పరీక్ష రాసినవాణ్ని నేను.

"ఇప్పుడెలా ఆంటీ?"

"ఎలా ఏంటి? ఉద్యోగాల్లేని మాకెవడిస్తాడు మెమో?" అంటూ ఆ అర్జీని పొట్లంలా మడిచి, అందులో నారింజ తొక్కలు వేసేశారు.

మర్నాటి నుంచి పచ్చికలో, గ్రంథాలయం తెరవమని ఆడవాళ్లు రాసే పోస్టుకార్డుల పండగ. ఎవరి మాట వాళ్లే రాయాలి, ఒకరిది ఒకరు చూసి రాయకూడదు. అదీ ఆవిడ షరతు. పొరుగింటి పంజాబీ దీదీ కూడా "మై భీ లిఖూంగీ", నేనూ రాస్తానంటూ వచ్చి కూర్చుంది. ఒక్కడిగా తన అవసరం రాసుకుంటే తప్పులేదని ఆంటీ ధైర్యం చెప్పాక నేనూ ఒకటి రాశాను.

చదివి పెదవి విరిచారు. "ప్రజాప్రయోజనం, విద్యాభివృద్ధి... ఇవన్నీ గవర్నమెంటే రాసుకుంటుందిలే. నువ్వెందుకెళ్లేవాడివి అక్కడికి?"

"చదువుకోడానికి."

"అచ్ఛా. నిజం చెప్పు."

తల వంచుకుని చెప్పాను. గదిలో నాతో ఉండే ముగ్గురూ వేరే రాష్ట్రాలవాళ్లు. రోజంతా తెలుగు ముక్క చెవిన పడదు. సాయంత్రం ఆ బల్ల దగ్గర కూర్చుంటే దిగులు తగ్గుతుంది.

"అదే రాయి," అన్నారు, ఈసారి నవ్వకుండా. సిగ్గుతో చచ్చిపోతూ, వచ్చీరాని హిందీలో రాశాను.

కొన్ని వారాలకు తాళం తీశారు. సాయంత్రం పూట మాత్రమే తెరవాలి, తెరిచి మూసే బాధ్యత మాదే. అయినా ఎంత సంతోషమో! తాళంచెవులు ఇవ్వడానికి వచ్చిన అధికారి చేతిలో మా కార్డుల కట్ట ఉంది. అందులోంచి ఒకటి పైకెత్తి, "యే కిస్‌నే లిఖా హై?" అని, రాసిందెవరో అడిగాడు. నాదే.

"హమారా లడ్‌కా హై," అన్నారు ఆంటీ.

ఢిల్లీలో నన్నొకరు మావాడు అనడం అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగితే బీరువా వైపు తిరిగి పుస్తకాలు సర్దుతున్నట్టు నటించాను. తర్వాత నేనూ అధికారినయ్యాను, నా ముందుకూ కట్టలు కట్టలుగా అర్జీలు వచ్చాయి. రిటైరయ్యేదాకా వాటిలో పెద్ద మాటలన్నీ దాటేసి, రాయడానికి ఆ మనిషి సిగ్గుపడి ఉండే వాక్యం కోసం వెతికాను. అది దొరికిన అర్జీని ఏనాడూ పక్కన పెట్టలేదు.