ఫైనల్‌కు ముందు నేను వేసిన పట్టు

రుమైథియాలో నేను పనిచేసే అరబ్బుల ఇంటి చిన్నకొడుకు మిలిటరీ అకాడమీలో చదువుతున్నాడు. పాలు తాగే వయసు నుంచి నా చేతుల మీదే పెరిగాడు. నన్ను అవ్వా అంటాడు. మా కడప మాటలు వాడికి బాగానే వచ్చు, వాళ్లమ్మకు రావు. ఆమెను నేను మామా అంటాను, ఇక్కడ ఇంటి యజమానురాలిని అట్లే పిలవాలి.

అకాడమీ ఫుట్‌బాల్ జట్టును మిగతా కాలేజీల పిల్లలు ఎప్పుడూ ఎగతాళి చేసేవాళ్లట, "మీకు కవాతు వచ్చు, బంతి రాదు" అని. ఆ ఏడు మాత్రం వీళ్లు అందరినీ వరసగా ఓడించారు. మావాడు వెనక వరసలో ఎడమవైపు ఆడేవాడు. ఒక్క ఆటా తప్పలేదు. ప్రతి గురువారం ఇంటికొచ్చి మురికి సాక్సులు నా ముందు పడేసి, "అవ్వా, మళ్లీ గెలిచినాం" అనేవాడు.

"గెలిస్తే సాక్సులు ఎవరు ఉతకాల? మీ కోచ్ ఉతుకుతాడా?" అనేదాన్ని.

ఫైనల్‌కు ముందు గురువారం వాడు బూట్లయినా విప్పకుండా నేరుగా మేడ మీదికి బయలుదేరాడు. మెట్లెక్కుతూ గోడకు చెయ్యి ఆనించాడు. అది చూసి వెనకే పోయి, గది తలుపు వేశాను.

"బూటు విప్పు."

"ఏం లేదవ్వా."

"విప్పురా."

ఎడమ చీలమండ గుండ్రటి వంకాయలా వాచింది. ప్రాక్టీసులో కాలు మడత పడిందట. తెలిస్తే డాక్టరు ఆడనివ్వడని అకాడమీలో నోరు విప్పలేదట.

"అమ్మకు చెప్పొద్దవ్వా. ఆదివారం ఒక్క ఆట. అంతే, ఖలాస్."

"కుంటుకుంటా తంతావా బంతిని?"

"కుంటను. పళ్లు కరుచుకుంటా."

దాపరికమంటే నాకు ఒళ్లుమంట. ఒకరి ఉప్పు తింటూ వాళ్ల దగ్గరే దాచడం మరీ తప్పు. అయినా వాడి ముఖం చూసి నోరు మూసుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. బెణికిన కాలికి మా ఊళ్లో చేసేదే చేశాను. నా మోకాళ్లకని సాల్మియా కొట్టులో కొని, పొదుపుగా వాడుకుంటున్న సున్నం కొంచెం ఉంది. దాన్ని పసుపులో కలిపి, వెచ్చచేసి పట్టు వేసి, పాత దిండు గలీబు చించి కట్టాను. శుక్రవారం ఇంకో రెండుసార్లు వేశాను. శనివారం పొద్దుటికి వాపు సగం తీసింది. వాడు గదిలో కవాతు చేసి చూపించాడు. నేను కూడా నవ్వాను. ఆ మధ్యాహ్నమే వాడు అకాడమీకి వెళ్లిపోయాడు.

పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రనవుతుందనీ, చర్మానికి పట్టిన ఆ ఎరుపు నాలుగు రోజులైనా వదలదనీ మా వైపు తెలియని ఆడది ఉండదు. అకాడమీలో ఆ కాలు చూసేవాళ్లుంటారని మాత్రం నాకు తోచలేదు.

శనివారం సాయంత్రం మామా ఫోన్ చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నా కొడుకు కాలికి ఏం పూశావు?"

ఆటకు ముందు రోజు అందరినీ వరసగా నిలబెట్టి కాళ్లు చూశారట. ఈ ఎరుపేమిటని డాక్టరు వేలితో నొక్కాడట. వాడు అరిచాడట.

"ఆడనివ్వరట! ఏడాదంతా ఆడి రేపు కూర్చోవాలి. నాకు చెప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోయేదాన్ని. నేను తల్లిని కాదా?"

"నాదే తప్పు మామా."

"రేపు నువ్వూ వస్తావు. నీ కళ్లతోనే చూడు."

ఆదివారం మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చున్నాను. మావాడు కింద బెంచీ మీద ఉన్నాడు. వాడి చోట్లో ఒక సన్నటి పిల్లవాడిని దింపారు. మొదటి సగంలోనే మనవాళ్లు ఒక గోలు కొట్టారు. ఇక అక్కడినుంచి అవతలివాళ్లు బంతిని ప్రతిసారీ ఆ ఎడమవైపే తెచ్చారు. నాకు ఆట తెలియదు. కానీ గట్టుకు ఎక్కడ గండి ఉందో నీళ్లను చూస్తే తెలుస్తుంది కదా. వెనక వరసల్లో కుర్రాళ్లు "కవాతు! కవాతు!" అని అరుస్తున్నారు. ఓడితే అది నేను పూసిన ఓటమే. ఒకసారి సన్నటి పిల్లవాడు జారి పడ్డాడు. అతణ్ణి దాటి కొట్టిన బంతి గోలు స్తంభానికి తగిలి టంగుమని వెనక్కి వచ్చింది. మామా నా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో గాని, గోళ్లు దిగబడ్డాయి. బెంచీ మీద మావాడు ముఖం కప్పుకున్నాడు.

ఆ తర్వాత ఎంతసేపు ఆడారో నేను చూడలేదు. నేల చూస్తూ కూర్చున్నాను. విజిల్ ఊదాక, మనవాళ్ల కేకలు విని తలెత్తాను. ఆ ఒక్క గోలుతోనే గెలిచారు.

అందరూ మైదానంలోకి పరుగెత్తారు. వాడు మాత్రం మెల్లగా మా ముందు కమ్మీ దగ్గరికి వచ్చాడు. వాళ్లమ్మ వాడి తల ముద్దుపెట్టుకుంది. వాడు నా వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"అవ్వా, ఆ ఎరుపు కావాలనే పూసినావా?"

"లేదురా. వాళ్లు చూస్తారని తోచక చేసినా."

"తోచింటే?"

"పట్టు వేసేదాన్నే కాదు. గురువారమే మీయమ్మకు చెప్పేదాన్ని."

"అంటే ఎట్లయినా నన్ను ఆడనిచ్చేదానివి కాదు."

"కాదు."

ఆ కాలితో ఆడి ఉంటే ఏమయ్యేదో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. వాడు కప్పు వైపు కుంటుకుంటూ పోయాడు. సన్నటి పిల్లవాడు ఎదురొచ్చి చంక కింద భుజం పెట్టాడు.

"ఏమంటున్నాడు?" అంది మామా.

"కోపంగా ఉన్నాడు మామా."

"నాకూ ఉంది" అంది.