తెల్ల పంచె వెలుగు

రాజుపాలెంలో మా దూరపు బంధువు పెద్దకర్మకు వెళ్ళి వస్తూ ఉంటే, బస్సులో మా మేనత్త నన్నొక మాట అడిగింది.

కర్మ జరిగిన ఇంటి ముందు, పోయినాయన ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేసి, వెనక నీలం ఆకాశం, రెండు తెల్ల పావురాలు పెట్టారు. బతికినన్నాళ్ళూ దర్జాగా తిరిగిన మనిషి ఆ ఫ్లెక్సీలో, పోలీసులు పట్టుకొచ్చి నిలబెట్టినవాడిలా, బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. అత్త దాని వంక చాలాసేపు చూసింది. సత్తెనపల్లిలో బస్సు మారి, కిటికీ పక్క సీటులో సర్దుకుని కూర్చున్నాక నోరు విప్పింది.

“ఒరేయ్, నేను పోయినాక నాకు గూడా అట్టాంటిదేనా కట్టేది?”

అలాంటి మాటలొద్దన్నాను. ఆమె వినలేదు. ఆధార్ ఫోటో తీసిన రోజు తనకు ఒంట్లో బాగాలేదనీ, ఆ తీసిన పిల్లాడు కొంగు కూడా సర్దుకోనివ్వలేదనీ చెప్పుకొచ్చింది. ఆ బొమ్మ తన తండ్రి ఫోటో పక్కన గోడ మీద ఉంటే ఆయన మొహం తిప్పుకుంటాడట. అంతా చెప్పి, చివరకు అసలు సంగతి చెప్పింది.

“మా నాయన అద్దంతో తీయి నన్ను. అదొక్కటి చెయ్యి. ఇంకేమీ అడగను.”

అత్త ‘మా నాయన అద్దం’ అనేది మా తాతగారి లెన్సును. ఆయన మద్రాసు వెళ్ళి కొనుక్కున్న జర్మనీ కెమెరాకు ముందుండేది. గురజాల దగ్గర మా ఊళ్ళో అప్పట్లో మా ఇంట్లో తప్ప కెమెరా లేదు. ఆ ఇల్లు, ఆ పొలాలు ఇప్పుడు లేవు. ఎలా పోయాయో చెప్పుకునే అలవాటు మా ఇంటికి లేదు. నేను నరసరావుపేటలో ఒక పత్తి మిల్లు ఆఫీసులో పని చేస్తాను. కోర్టు వెనక వీధిలో అత్త, నా భార్య, నేను అద్దెకుంటాం. అయినా మిల్లులో సైతం నేను కుర్చీకి వీపు ఆనించి కూర్చోను. మా తాతగారు ఎన్నడూ అలా కూర్చోలేదు.

ఆయన ఫోటోలు తీయడం నాకు బాగా గుర్తు. తీసేది పొద్దున్నే, తూర్పు వరండాలోనే. ముందు తన అరచెయ్యి గాలిలో చాచి, దాని నీడ గచ్చు మీద ఎంత నల్లగా పడిందో చూసేవారు. నీడను బట్టి లెన్సు మీది చిన్న రింగును తిప్పేవారు. అది టిక్కు టిక్కుమని ఆగి ఆగి తిరిగేది. ఆ రింగు ఒక్కదాన్ని ముట్టుకోవడానికి నాకు అనుమతి ఉండేది, అదీ ఆయన ఒళ్ళో కూర్చున్నప్పుడు. రెండో రింగు, అంటే దూరాన్ని సరిచేసేది, ఆయన వేళ్ళకు తప్ప ఎవరికీ దొరికేది కాదు. పలచటి వెన్న మీద తిరిగినంత మెత్తగా తిరిగేదది. ఫోటో కోసం ఎదురుగా కూర్చున్నవాళ్ళు, వాళ్ళు పాలేరైనా సరే మునసబైనా సరే, ఆయన “ఊపిరి” అనగానే ఊపిరి బిగబట్టేవారు.

తాతగారు పోయాక కెమెరా లోపలి గుడ్డ తెర చివికిపోయింది. లెన్సును మాత్రం విప్పి, దాని తోలు సంచిలోనే పట్టుగుడ్డ చుట్టి, మా నాన్న ఇనప్పెట్టెలో పెట్టారు. పెద్దాయన చెయ్యి పడిన వస్తువును వేరే చెయ్యి వాడకూడదని తాను పోయేదాకా ఆయన మాట. ఏడాదికొకసారి దసరాకు బయటికి తీసేవాళ్ళం. కత్తులు, నాగళ్ళు, కుట్టుమిషనుతో పాటు పీట మీద పెడితే, అత్త స్నానం చేసి వచ్చి అన్నింటికీ గంధం, కుంకుమ పెట్టేది. పూజ అయ్యాక లెన్సు మళ్ళీ సంచిలోకి, సంచి పెట్టెలోకి. నాగళ్ళు పోయాయి, కుట్టుమిషను తుప్పు పట్టింది, లెన్సుకు బొట్లు మాత్రం ఒక్క దసరాకూ తప్పలేదు.

నా దగ్గర ఒక కొత్త రకం కెమెరా ఉంది. ఊళ్ళో స్టూడియో ఆయన పైరకం కొనుక్కుంటూ పాతది నాకిచ్చాడు. ఇలాంటి కెమెరాలకు ఎంత పాత లెన్సునైనా, మధ్యలో ఒక ఇనుప రింగు వేసి, బిగించుకోవచ్చని తెలుసు. ఆ రింగు తెప్పించాను. అది వచ్చిన ఆదివారం, ఎన్నో ఏళ్ళ తర్వాత, పూజ లేని రోజున తోలు సంచి విప్పాను. నాఫ్తలీను ఉండలు, పాత తోలు, ఎండిన చందనం కలిసిన వాసన వచ్చింది. ఒక్క క్షణం తూర్పు వరండాలో ఉన్నాననిపించింది.

లెన్సు మీది చిన్న రింగు టిక్కు టిక్కుమంది. దూరాన్ని సరిచేసే రెండో రింగు తిరగలేదు. బలం పెట్టాను. గుడ్డ చుట్టి పట్టి చూశాను. ఎండలో వేడెక్కించి చూశాను. కదల్లేదు.

స్టూడియో ఆయన ఫోను టార్చి వేసి లెన్సులోకి చూశాడు. లోపలి గాజు మీద సాలెగూడు దారాల్లాంటి బూజు కనిపించింది. తోలు సంచిలో, చీకట్లో మూసి ఉంచితే గాజుకు అదే పడుతుందట. రోజూ ఎండ కన్నెరిగిన లెన్సులకు పట్టదట. ఆ తర్వాత రింగు సందులో సూది పెట్టి గీకాడు. పసుపుపచ్చటి పొడి రాలింది. వేలికి అంటించుకుని వాసన చూసి, నా మొహంలోకి చూశాడు.

“గంధమండీ ఇది. లెన్సుకు బొట్లు పెట్టే ఇల్లు నేను ఇప్పుడే చూస్తన్నా.”

ఆయన నవ్వాడు కానీ నాకు నవ్వు రాలేదు. ఏళ్ళ తరబడి పెట్టిన గంధం తడి సందులోకి దిగి, లోపలి పాత గ్రీజుతో కలిసి రాయిలా గట్టిపడింది. హైదరాబాదు పంపితే విప్పి చూస్తారనీ, మళ్ళీ సరిగ్గా బిగుస్తుందని మాత్రం పూచీ లేదనీ చెప్పాడు. మా తాతగారి లెన్సును పరాయి ఊళ్ళో ముక్కలుగా పరవడం నాకు ఇష్టం లేదని చెప్పి తెచ్చేసుకున్నాను.

ఇంటికొచ్చి, అత్త ముందు గదిలో కునుకు తీస్తుంటే, వంటింట్లో నా భార్యకు జరిగింది చెప్పాను. గంధం సంగతి అత్త చెవిన పడనివ్వొద్దన్నాను. తండ్రి వస్తువును దేవుడిలా చూసుకున్న మనిషి. తన చేత్తోనే అది బిగుసుకుపోయిందని తెలిస్తే తట్టుకోలేదు. అసలా లెన్సుతో పని లేకుండా, ఏదైనా పాత ఫోటో చూపించి ఒప్పిద్దామనుకున్నాను. తాతగారు తీసిన వాటిలో అత్తది మంచిది దొరక్కపోదని ఆల్బములన్నీ దించాను.

ఒక్కటీ లేదు. మా నాన్న ఉన్నారు, నానమ్మ ఉంది, ఇంటి ఎద్దులు ఉన్నాయి, కూలీలు కోతల తర్వాత వరసగా నిలబడి ఉన్నారు. అత్త ఎక్కడా లేదు. నానమ్మ ఒక్కతే కుర్చీలో కూర్చున్న ఫోటోలో, ఇప్పుడు మా గోడ మీదున్నదే, కింద మూలన తెల్లటి గుడ్డ అంచు, దాన్ని పట్టుకున్న వేళ్ళు, గాజులు కనిపించాయి. ఎన్నేళ్ళుగానో ఆ ఫోటో కింద నుంచి నడుస్తున్నాను. ఆ వేళ్ళను ఎన్నడూ చూడలేదు.

తీసుకెళ్ళి అత్తకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

“నేనేరా అది. పంచె పట్టుకునేదాన్ని గదా.”

తాతగారి పంచెకు గంజి పెట్టి, మడత విప్పి, మనిషి ముందు పట్టుకుంటే పొద్దుటి వెలుగు దాని మీద పడి మొహం మీదికి తిరిగేదట. అది లేకపోతే కళ్ళ కింద, గడ్డం కింద నల్లటి నీడలు పడతాయట. ఇంట్లో ఎవరు పట్టుకున్నా వంకర పోయేదనీ, తాను పడితేనే తండ్రికి నచ్చేదనీ చెప్పింది. మరి నిన్ను ఎందుకు తీయలేదని అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

“నన్ను తీస్తే పంచె ఎవరు పట్టుకుంటార్రా?”

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మా ఇంటి ఆల్బముల్లో ప్రతి మొహం మీదా ఉన్న వెలుగు ఆమె పట్టుకున్న పంచెదే. రేపు గోడ మీదికెక్కేది మాత్రం ఆమె ఆధార్ బొమ్మ. తెల్లవారగానే బిగుసుకున్న లెన్సునే కెమెరాకు బిగించాను.

కొత్త కెమెరాల్లో ఒక సౌకర్యం ఉంది. ఏ వస్తువు స్పష్టంగా ఉందో దాని అంచుల చుట్టూ తెర మీద ఎర్రటి గీత మెరుస్తుంది. లెన్సు బిగించి కెమెరా పట్టుకుని నడిచాను. గోడ దగ్గర ఏమీ మెరవలేదు. తులసికోట దగ్గర మెరవలేదు. కుర్చీ ఎదురుగా వెనక్కి జరుగుతూ వస్తుంటే ఒకచోట కుర్చీ చేతులు ఎర్రగా వెలిగాయి. ఇంకొంచెం జరిగితే ఆరిపోయాయి. తాతగారు చివరిసారి ఏ దూరానికి తిప్పి వదిలేశారో ఆ దూరాన్నే లెన్సు పట్టుకుని కూర్చుంది. అది నానమ్మను తీసిన దూరమేనని నా ఊహ. రుజువు లేదు, కానీ కుర్చీలో మనిషిని నడుము దాకా తీయడానికి సరిగ్గా సరిపోయే దూరమది. రింగు తిరగకపోతే ఏం, మనిషే ఆ దూరంలో కూర్చోవచ్చు.

మరుసటి ఆదివారం పొద్దున అత్త ముదురు నేరేడు రంగు జరీ చీర కట్టుకుని వచ్చింది. మా వరండా చిన్నది, గేటు వీధిలోకే ఉంటుంది, కానీ తూర్పు వైపే. కెమెరాను స్టాండు మీద పెట్టి, కళ్ళ చుట్టూ ఎరుపు రాగానే నొక్కమని నా భార్యకు చెప్పాను. నా పంచె ఒకటి గంజి పెట్టించి ఉంచాను. దాన్ని విప్పి రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలబడ్డాను.

“అట్టా గుంజలాగా నిలబడితే వెలుగు నాకు కాదు, దూలానికి పడుద్ది,” అంది అత్త. “వంగు.”

కొంచెం వంగాను. చాలదంది. ఇంకా వంగాను. తల అడ్డంగా ఊపింది.

“మోకాళ్ళ మీద కూర్చో. నేను అట్టాగే కూర్చునేదాన్ని.”

వీధిలో పాలాయన బండి ఆపి చూస్తున్నాడు. ఎదురింటివాళ్ళు గేటు దగ్గరికి వచ్చారు. మా తాతగారు గానీ, మా నాన్న గానీ ఎవరి ముందూ మోకాలు వంచిన మనుషులు కారు. నేనూ కాను. పంచె చేతుల్లో పట్టుకుని అలాగే కాసేపు ఉండిపోయాను. అత్త నా కోసం ఆగింది. చెక్కు చెదరకుండా, వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుంది. అచ్చం తాతగారిలాగే.

గచ్చు మీద మోకాళ్ళు మోపి కూర్చున్నాను. పంచెను ఆమె చెప్పినట్టు కిందికి దించి, పై అంచు నా వైపు వాల్చాను. ఆమె గడ్డం కింది నీడ మెల్లగా కరిగిపోయింది. ముడతల్లోంచి మొహం పైకి తేలింది. అలా కింద నుంచి ఆమె మొహాన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

“ఊపిరి,” అన్నాను.

బిగబట్టింది. నా భార్య నొక్కింది.

గాజు మీది బూజు వల్ల ఫోటోలో వెలుతురు కొంచెం పొగమంచులా పరుచుకుంది. జరీ అంచు చుట్టూ సన్నటి కాంతి వచ్చింది. కళ్ళు మాత్రం సూటిగా, స్పష్టంగా ఉన్నాయి. కింద మూలన తెల్ల పంచె అంచు, నా వేళ్ళు పడ్డాయి. స్టూడియో ఆయన ఆ మూల కత్తిరిస్తానన్నాడు. వద్దన్నాను.

ఫ్రేము కట్టించి తెచ్చాక అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. బీరువాలో దాస్తానంటే ఒప్పుకోలేదు. తాతగారి పక్కన ఇప్పుడే తగిలించమంది. ఉన్న మనిషి బొమ్మ పోయినవాళ్ళ వరసలో పెట్టకూడదని నేను, నా భార్య ఎంత చెప్పినా వినలేదు.

“దండేసినాక నేను చూస్తానా? ఉండగానే చూసుకుంటా,” అంది.

మేకు నేనే కొట్టాను.

ఆ దసరాకు లెన్సును సంచిలో పెట్టలేదు. కెమెరాకు బిగించే ఉంచి, పీట మీద పెట్టాను. అత్త గంధం గిన్నెతో వచ్చి స్టాండుకు ఒక బొట్టు పెట్టింది. కెమెరా సంచికి ఒకటి పెట్టింది. మడత పెట్టి ఉన్న పంచెకు కుంకుమ అద్దింది. లెన్సు దగ్గరకొచ్చి వేలు వెనక్కి తీసుకుంది.

“దానికి వద్దులే,” అంది నా వైపు చూడకుండా. “ఇప్పటికే చానా గంధం తిన్నది.”