ప్యాటర్సన్ కోడి హోటల్లో నా వాకబు

మా వైపు పిల్లనివ్వాలంటే అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చూడమంటారు. తరాల సంగతి దేవుడెరుగు, కనీసం వీధి చివర టీ కొట్టువాణ్ణయినా అడుగుతారు. అమెరికా వచ్చి ఎడిసన్‌లో కాపురముంటూ పెరూ దేశపు కుటుంబం గురించి నేనెవర్ని అడగను? నెల కిందట మా అమ్మాయి కీర్తన, తనతో పనిచేసే దియేగోని పెళ్ళి చేసుకుంటానంది. నేను అవుననలేదు, కాదనలేదు. లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోయాను. ప్రతి ఆదివారం జెర్సీ సిటీ నుంచి ఇంటికొచ్చే పిల్ల అప్పట్నుంచి రావడం మానేసింది.

ఆ అబ్బాయి తల్లిదండ్రులకి ప్యాటర్సన్‌లో బొగ్గుల మీద కాల్చిన కోడి అమ్మే హోటలుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు కదా, వెళ్ళి తిని వద్దామనుకున్నాను. మెతుకు పలుకుగా ఉంటే కాదని చెప్పడం తేలికని లోపల ఆశ కూడా ఉంది.

శనివారం ఎంచుకున్నాను. మా ఆవిడ సుజాత శనివారం నీచు ముట్టదు, వెంట వస్తాననదు. పొద్దున పెసరట్టు వేసి అల్లం పచ్చడి పెట్టింది. ఏడాదిగా నేను పెసరట్టులోకి వేరే పచ్చడికి అలవాటు పడ్డాను. కీర్తన ఆదివారాలు ఒక ఆకుపచ్చ పచ్చడి తెచ్చేది, ఆఫీసు దగ్గర కొన్నానని చెప్పేది. మంచి కారం, వెనకాల కాస్త బంతాకు వాసన. మా ఆవకాయ సీసాలోనే తెచ్చేది. ఖాళీ సీసా పంపకూడదని సుజాత మళ్ళీ అందులో ఆవకాయ నింపి ఇచ్చేది. నెల నుంచి పిల్లా లేదు, పచ్చడీ లేదు. పని ఉందని చెప్పి ఇంట్లోంచి బయటపడ్డాను.

వెళ్ళదలచినవారికి దారి చెబుతాను. ఎడిసన్‌లో న్యూయార్క్ వైపు రైలెక్కి సెకాకస్‌లో దిగాలి. అక్కడ టికెట్ చూపిస్తేగాని గేటు తెరుచుకోదు, పారేసుకోకండి. కింది ప్లాట్‌ఫారం మీద ప్యాటర్సన్ రైలుంటుంది. శని ఆదివారాల్లో ఒకటి తప్పితే మరోదానికి చాలాసేపు ఆగాలి. నాకు తప్పింది. బల్ల మీద కూర్చుని ఉప్పు బిస్కెట్లు తిన్నాను.

రైల్లో నా పక్కన ఒక బంగ్లాదేశీ పెద్దాయన కూర్చున్నాడు. ఊరు ప్యాటర్సన్ అన్నాడు. టీ కొట్టువాడు దొరికాడని మెల్లిగా ఆ హోటల్ మాటెత్తాను. అక్కడి కోడి హలాల్ కాదు కాబట్టి తానెప్పుడూ తినలేదట. "కానీ వాళ్ళబ్బాయి మంచు పడితే మా గుమ్మం కూడా ఊడ్చిపోతాడు" అన్నాడు. నేను వచ్చింది తప్పులు వెదకడానికి. ఆయన సాక్ష్యం నాకేమీ నచ్చలేదు.

ప్యాటర్సన్‌లో మెట్లు దిగి మార్కెట్ స్ట్రీట్ మీద నడిస్తే హోటల్ కంటే ముందు పొగ వాసన తగులుతుంది. చిన్న హాలు, ప్లాస్టిక్ పూల టేబుల్ గుడ్డలు, గోడకి టీవీలో ఫుట్‌బాల్. వెనకాల పెద్ద పొయ్యిలో కడ్డీలకి గుచ్చిన కోళ్ళు వరసగా తిరుగుతున్నాయి. ఒకాయన చెమటలు కక్కుతూ వాటిని తీసి కత్తితో నాలుగు ముక్కలు చేస్తున్నాడు. కౌంటర్ దగ్గరున్నావిడ దియేగో తల్లి. కీర్తన ఫోన్లో ఒకసారి ఫొటో చూశాను. ఆవిడ నన్నెరగదు కదా అని ధైర్యంగా సగం కోడి, ఊదా మొక్కజొన్నల షర్బతు చెప్పి మూల టేబుల్ దగ్గర కూర్చున్నాను.

కోడికి వంక పెట్టలేకపోయాను. చర్మం కరకరలాడింది, ఎముక దాకా ఉప్పూ వెల్లుల్లీ జీలకర్రా పట్టాయి. ఆలుగడ్డ వేపుడు కూడా వేడిగా ఉంది. ఆఖరికి పక్కన పెట్టిన ఆకుపచ్చ పచ్చడిలో ముక్క ముంచి నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. కారం చాలదుగాని, అదే బంతాకు వాసన.

చెయ్యెత్తి, ఇంకాస్త కారంగా ఉన్నది దొరుకుతుందా అనడిగాను. ఆవిడ నన్ను కాసేపు చూసి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి ఒక సీసా నా ముందు పెట్టింది. మా ఆవకాయ సీసా. మూత మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో సుజాత రాసుకున్న 'సు'.

"ఇది కీర్తన వాళ్ళ నాన్నగారిది, కారం రెండింతలు" అంది ఇంగ్లీషులో. "మీరే కదా? గుమ్మంలోనే పోల్చుకున్నాను. పిల్లకి మీ ముక్కే వచ్చింది."

దొంగ దొరికిపోయాడు. కీర్తన నెల రోజులుగా మా ఇంటికి రావడం లేదన్నాను. తెలుసంది.

"అయినా ప్రతి శుక్రవారం కొత్తగా చేసి పెడుతున్నాను. ఏ ఆదివారమైనా ఆ పిల్లకి ఇంటికి వెళ్ళాలనిపిస్తుందేమో. వెళ్ళేటప్పుడు ఉత్త చేతులతో పోకూడదు కదా."

అంతకుమించి ఒక్క మాట అడగలేదు. పెళ్ళి ఊసే ఎత్తలేదు. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే దుఃఖం వచ్చింది. నా బిడ్డ నా గడప తొక్కే రోజు కోసం నాకంటే ఎక్కువగా ఈవిడ ఎదురుచూసింది. పొయ్యి దగ్గరున్న దియేగో తండ్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి, మీ మామిడికాయ పచ్చడి అయిపోయి చాలా రోజులైందని మొహమాటంగా నవ్వాడు. మధ్యాహ్నం భోజనంలో వేపుడు ముక్కలు దాన్లోనే అద్దుకుంటారట. ఏడాదిగా రెండిళ్ళవాళ్ళూ ఒకరి వంట ఒకరు తింటున్నారు, వాకబుకొచ్చినవాడికి తప్ప అందరికీ తెలుసు.

తిరుగు రైల్లో సీసా ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. సెకాకస్ రాకముందే కీర్తనకి ఫోన్ చేశాను. నెలలో అదే మొదటిసారి.

"నీ పచ్చడి సీసా నా దగ్గరుందమ్మా" అన్నాను.

"డాడీ, నువ్వు ప్యాటర్సన్ వెళ్ళావా? నాకు చెప్పకుండా?"

"వెళ్ళాను. కోడి బాగుంది."

"ఓన్లీ కోడి?"

సీసా మూత ఇంకాస్త బిగించాను. "రేపు ఇంటికి రా. పెసరట్టు తిని, సీసా కడిగి, అమ్మ చేత ఆవకాయ నింపిద్దాం. వచ్చే వారం అందరం కలిసి వాళ్ళింటికి తీసుకెళ్దాం. ఖాళీ సీసా పంపకూడదు కదా."