మగ్గం గుంట ఉన్న ఇంట్లో నడక

1941లో నేను గద్వాల దవాఖానలో నర్సుని. ఆ ఏడే మా ఆయన పోయాడు. పనికి పోకుంటే గడవదు గనుక పోయేదాన్ని.

ఎండాకాలంలో ఒకరోజు నేత ఇంటి అత్తాకోడళ్లు రెండేళ్లు నిండిన పాపను తెచ్చారు. పాప ఇంకా నిలబడటం లేదు.

"కాళ్లకు వాతలు పెట్టించుర్రి అని అందరు చెప్తుండ్రు. గీమె వినది," అంది అత్త. "మీతోని గూడ గాకుంటె రేపే పెట్టిస్త."

కోడలు బాలమ్మ పాపను ఇంకా దగ్గరికి పొదువుకుంది.

పిల్లలకు బలం పైనుంచి కిందికి వస్తుంది. ముందు మెడ నిలుస్తుంది, తర్వాత నడుము, ఆఖరున కాళ్లు. బోర్లా పడి, పాకి, గోడ పట్టుకుని లేచి, ఏడాదికి అటూ ఇటూగా నడుస్తారు. ఈ పాప మెడ, నడుము బాగున్నాయి. రిఫ్లెక్స్ చూశాను. అంటే మోకాలి చిప్ప కింద తడితే కాలు దానంతట అదే ఎగరాలి. ఎగిరింది. అరికాలు గిల్లితే నా చేతిని గట్టిగా తన్నింది కూడా.

"పాకిందా?" అని అడిగాను.

"ఏడ పాకుతది?" అంది అత్త. "పొద్దుందాక ఉయ్యాలల, లేకుంటె సంకల. దాని కాళ్లు భూమి మొకం సూసినయా? రాజుగారి బిడ్డ!"

"ఎందుకమ్మా కిందికి దించవు?"

"ఇంట్ల మగ్గం గుంత ఉన్నది, నర్సమ్మా," అంది బాలమ్మ.

నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే గుంట అది. గద్వాలలో ప్రతి నేత ఇంట్లోనూ ఉంటుంది. నేను అదే అనబోయాను.

"దీని అక్క పాకుకుంట పోయి అండ్లనే పడ్డది. మెడ ఇరిగి పానం పోయింది," అంది బాలమ్మ.

అత్త తల వంచుకుంది.

"వాతలు వద్దు. కాళ్లలో జబ్బు లేదు. వాటికి నేల కావాలి," అన్నాను.

"యాడికెల్లి తేవాలె నేల? మగ్గం పోంగ మిగిలిన జాగల పొయ్యి ఉన్నది," అంది అత్త. ఆమే మళ్లీ అంది: "పక్కింటి ఖాసింబీకి మగ్గం లేదు. ఆడ ఇడుద్దం."

"నేను గూడ పోయి కూసుంట," అంది బాలమ్మ.

"కూసో. నూలు కండెలు ఆడనే సుట్టు."

వానలు తగ్గాక బాలమ్మ వచ్చింది. పాప తూలుతూ నడుస్తోంది. తల్లి ముఖం మాత్రం పీక్కుపోయి ఉంది.

"నడుస్తలేదని ఏడ్సిన. ఇప్పుడు నడుస్తదని నిద్ర పడ్తలేదు, నర్సమ్మా."

మగ్గం ఆపినప్పుడు గుంటకు చెక్క పలక మూత వేయమన్నాను. ఆమె భయానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

ఆ తర్వాత నడక ఆలస్యమైన బిడ్డను ఎవరు తెచ్చినా, కాళ్లు చూసే ముందు, ఆ ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా పోయారా అని అడిగేదాన్ని. భయపడొద్దని చెప్పడం మానేశాను.